మూడు చుక్కలు, ఒకే వక్రం: లెగ్రాంజ్ మాస్టారి కథ



గ్రాఫ్ కాగితం మీద ఒక చుక్క పెట్టండి. దాని గుండా ఎన్ని సరళరేఖలైనా గీయొచ్చు. రెండో చుక్క కూడా పెట్టారంటే ఇక ఒక్క సరళరేఖే కుదురుతుంది. ఇది మీకు చిన్న తరగతుల నుంచి తెలిసిన సంగతే. ఇప్పుడు సరళరేఖను పక్కనపెట్టి వర్గ సమీకరణం గ్రాఫు తీసుకోండి. విసిరిన బంతి వెళ్లే దారిలా వంగి ఉంటుందే, ఆ పరావలయం అన్నమాట. రెండు చుక్కల గుండా అలాంటి పరావలయాలు లెక్కలేనన్ని వెళ్తాయి. కానీ ఒకే సరళరేఖ మీద లేని మూడు చుక్కలు, ఒకదాని కింద ఒకటి రాకుండా పెట్టి చూడండి. వాటి గుండా వెళ్లే వర్గ సమీకరణం ఒకటే ఒకటి ఉంటుంది. రెండోది ఉండనే ఉండదు.

ఆ ఒక్కటి ఏదో కనుక్కోవడం ఎలా? పరీక్షల్లో మనకు సాధారణంగా సమీకరణం ఇచ్చి గ్రాఫు గీయమంటారు. ఇది దానికి తిరగేసిన ప్రశ్న. చుక్కలు ఇచ్చి సమీకరణం చెప్పమంటారు. ఈ ప్రశ్నకు చూడగానే అర్థమయ్యే సూత్రం ఒకటుంది. ఆ సూత్రానికి జోసెఫ్ లూయీ లెగ్రాంజ్ అనే గణితవేత్త పేరు నిలిచిపోయింది. ఇంటర్మీడియట్‌కి వెళ్లాక ఈ పేరు మీకు మళ్లీ తగులుతుంది. ఈసారి ఆయన జీవితం, ఆ సూత్రం రెండూ కలిపి చెప్పుకుందాం. ఎందుకు కలిపి అంటారా? ఆ సూత్రాన్ని ఆయన పెద్ద పండితుల సభలో ప్రకటించలేదు. బడి పంతుళ్లు కాబోయేవాళ్లకు పాఠంగా చెప్పారు. అసలు కథ అక్కడే ఉంది.

ట్యూరిన్ కుర్రాడు

ఇప్పటి ఇటలీకి ఉత్తరాన ట్యూరిన్ అనే ఊరుంది. 1736 జనవరి 25న లెగ్రాంజ్ అక్కడ పుట్టారు. అప్పట్లో ఆయన పేరు జుసెప్పె లొడొవికో లగ్రాంజియా. తండ్రి వైపు పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు. తండ్రి ప్రభుత్వ నిర్మాణాల శాఖలో కోశాధికారి. తల్లి ఒక వైద్యుడి కూతురు. ఆ దంపతులకు పదకొండు మంది పిల్లలు పుడితే పెద్దయ్యేదాకా బతికింది ఇద్దరే. వాళ్లలో లెగ్రాంజ్ పెద్దవాడు.

తండ్రికి మంచి ఉద్యోగమే ఉండేది కానీ, లాభాలొస్తాయని నమ్మి పెట్టిన డబ్బంతా పోగొట్టుకున్నారు. కొడుకును లాయరును చేయాలని ఆయన కోరిక. కుర్రాడు కూడా కాదనలేదు. లెగ్రాంజ్‌కి మొదట లాటిన్ అంటే ఇష్టం. లెక్కలంటే పెద్దగా ఆసక్తి లేదు. పాత గ్రీకుల జ్యామితి ఆయనకు చప్పగా అనిపించిందట. తనకు ఆస్తి మిగిలి ఉంటే బహుశా గణితం జోలికి వచ్చేవాణ్ణి కాదేమోనని పెద్దయ్యాక ఆయనే అనేవారట.

మలుపు తిప్పింది ఒక చిన్న వ్యాసం. తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఎడ్మండ్ హాలీ 1693లో రాసింది. కటకాల లెక్కల్లో బీజగణితం ఎంత సులువుగా పనిచేస్తుందో అందులో చూపించారు. అది చదివాక కుర్రాడికి దారి దొరికింది. చేతికందిన గణిత పుస్తకాలన్నీ చాలామటుకు తనంతట తానే చదువుకున్నారు.

1754లో, పద్దెనిమిదేళ్లకు, తన మొదటి రచనను ఇటాలియన్ భాషలో అచ్చు వేయించారు. ఎంతో సంబరపడి ఉంటారు కదా? కొద్ది రోజులకే ఒక సంగతి తెలిసింది. తాను కొత్తగా కనుక్కున్నాననుకున్న ఫలితం లైబ్నిజ్, బెర్నౌలీల ఉత్తరాల్లో అంతకు ముందే ఉంది. ఎవరిదో ఎత్తి రాశాడని నలుగురూ అనుకుంటారేమోనని ఆ కుర్రాడు చాలా దిగులుపడ్డారు. అయినా కలం పక్కన పడేయలేదు. మరుసటి ఏడాదికే, నిజంగా ఎవరూ చేయని పని ఒకటి చేసి చూపించారు.

1755 ఆగస్టులో ఆయన ఆయిలర్‌కి లాటిన్‌లో ఒక ఉత్తరం రాశారు. ఆ కాలంలో యూరప్‌లో ఆయిలర్‌ని మించిన గణితవేత్త లేరు. అప్పుడాయన బెర్లిన్‌లో ఉండేవారు. ఒక వక్రంలో ఏదైనా రాశి అతి పెద్దదో అతి చిన్నదో కావాలంటే ఆ వక్రం ఎలా ఉండాలి అనే ప్రశ్న మీద ఆయిలర్ అప్పటికే ఒక పుస్తకం రాశారు. ఆయన బొమ్మలు గీసి చేసిన పనిని లెగ్రాంజ్ బొమ్మ అవసరం లేకుండా బీజగణితంతోనే చేసి పంపారు. ఊరూ పేరూ తెలియని పంతొమ్మిదేళ్ల కుర్రాడి ఉత్తరానికి ఆయిలర్ వెంటనే జవాబిచ్చారు. ఎంతగానో మెచ్చుకున్నారు. పేరు ఆ కుర్రాడికే దక్కాలని తన సొంత రాతల అచ్చును కొంతకాలం ఆపుకున్నారని కూడా చెబుతారు.

ఆ సెప్టెంబరులోనే లెగ్రాంజ్ ట్యూరిన్ ఫిరంగిదళ పాఠశాలలో గణితం మాస్టారయ్యారు. ముందు వరుసలో కూర్చున్న శిష్యుల్లో చాలామంది ఆయనకన్నా వయసులో పెద్దవాళ్లే.

బెర్లిన్ ఇరవై ఏళ్లు

1757లో స్నేహితులతో కలిసి ఊళ్లో ఒక విజ్ఞాన సంఘం పెట్టారు. అదే తర్వాత ట్యూరిన్ అకాడమీ అయింది. చంద్రుడు మనకు ఎప్పుడూ ఒకే ముఖం ఎందుకు చూపిస్తాడు, చూపిస్తూనే కొంచెం అటూ ఇటూ ఎందుకు ఊగుతాడు అనే విషయం మీద రాసి 1764లో పారిస్ అకాడమీ బహుమతి గెలుచుకున్నారు. బృహస్పతి చందమామల లెక్కకు 1766లో మళ్లీ గెలిచారు. అదే ఏడాది ఆయిలర్ బెర్లిన్ వదిలి రష్యా వెళ్లిపోయారు. ఆ స్థానంలోకి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ లెగ్రాంజ్‌ని పిలిపించుకున్నారు.

బెర్లిన్‌లో ఇరవై ఏళ్లున్నారు. పని చేసే తీరు గడియారంలా ఉండేది. ఏం రాయాలో ముందే మనసులో పూర్తిగా సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే కాగితం ముందు కూర్చునేవారట. సమీకరణాలు, సంఖ్యలు, గ్రహాల కదలికలు... చేయి పెట్టని విషయం లేదు. ప్రతి సహజ సంఖ్యనూ నాలుగు వర్గ సంఖ్యల మొత్తంగా రాయొచ్చని 1770లో నిరూపించింది ఆయనే. ఉదాహరణకు 7 తీసుకోండి. 4 + 1 + 1 + 1. మీకు నచ్చిన సంఖ్యతో ప్రయత్నించండి. సున్నాను కూడా వాడుకోవచ్చు.

1767లో దగ్గరి బంధువు విత్తోరియాను పెళ్లాడారు. ఆమె చాలా ఏళ్లు జబ్బుతో మంచాన ఉంటే దగ్గరుండి చూసుకున్నారు. 1783లో ఆమె కన్నుమూశారు. 1786లో ఫ్రెడరిక్ రాజు కూడా పోయారు. 1787లో లెగ్రాంజ్ బెర్లిన్ వదిలి పారిస్ చేరారు.

పారిస్ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. 1788లో ఆయన మహాగ్రంథం ‘మెకానిక్ అనలిటిక్’ అచ్చయింది. కదలికల శాస్త్రం మొత్తాన్ని ఒక్క బొమ్మ కూడా లేకుండా సమీకరణాలతో నడిపించిన పుస్తకం అది. కానీ ఆ పుస్తకం అచ్చయి చేతికొస్తే, రెండేళ్లపాటు తెరవకుండా బల్ల మీద అలాగే ఉంచేశారని చెబుతారు. మనసు అంతగా విరిగిపోయింది. గణితంలో తవ్వాల్సిందంతా తవ్వేశామని, ఇక ఆ గనిలో మిగిలింది తక్కువేనని అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఆయనకు అనిపిస్తుండేది. యాభై రెండేళ్ల వయసు. పేరుంది, జీతముంది, గౌరవముంది. పని మీద ఇష్టం మాత్రం లేదు.

గండం గడిచిన ఏళ్లు

1789లో ఫ్రెంచ్ విప్లవం వచ్చింది. ఊరూరికీ ఒక కొలత, బజారుబజారుకీ ఒక తూకం ఉన్న దేశంలో అందరికీ ఒకే కొలతలు పెట్టాలని కమిటీ వేశారు. లెగ్రాంజ్ అందులో ఉన్నారు. పన్నెండు కాదు, పదితోనే లెక్క పెట్టాలని ఆయన గట్టిగా నిలబడ్డారు. ఈరోజు మీ జామెట్రీ బాక్సులోని స్కేలు మీద సెంటీమీటరుకు పది మిల్లీమీటర్లున్నాయంటే, ఆ కమిటీ పెట్టిన పద్ధతి ప్రకారమే.

1792లో ఒక ఖగోళ శాస్త్రవేత్త కూతురిని రెండో పెళ్లి చేసుకున్నారు. ఆమె వయసులో ఆయనకన్నా చాలా చిన్నది. ఆమె సాంగత్యంలో ఆయన మనసు మళ్లీ కుదుటపడిందని ఆయన్ని ఎరిగినవాళ్లు రాశారు.

కానీ బయట పరిస్థితి బాగాలేదు. శత్రుదేశాల్లో పుట్టిన పరాయివాళ్లందర్నీ అరెస్టు చేయాలని 1793లో చట్టం వచ్చింది. ట్యూరిన్‌లో పుట్టిన లెగ్రాంజ్ పేరు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. రసాయనశాస్త్ర పాఠాల్లో మీరు చదివే లెవోయిజర్ అడ్డుపడి, ఆ చట్టం లెగ్రాంజ్‌కి వర్తించకుండా చూశారు. ఏడాది తిరగకుండానే, 1794 మే 8న, ఆ లెవోయిజర్‌కే మరణశిక్ష వేసి చంపేశారు. తనను కాపాడిన మనిషిని లెగ్రాంజ్ కాపాడలేకపోయారు. ఆ దుఃఖం ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

పంతుళ్లకు పంతులు

ఇక మన సూత్రం దగ్గరికి వచ్చాం. విప్లవం తర్వాత ఫ్రాన్స్‌లో బళ్లు ఉన్నాయి కానీ చెప్పేవాళ్లు లేరు. దేశం నలుమూలల నుంచి కాస్త చదువుకున్నవాళ్లను పారిస్‌కి రప్పించి, గొప్ప శాస్త్రవేత్తల చేత వాళ్లకు పాఠాలు చెప్పించాలని ప్రభుత్వం అనుకుంది. వాళ్లు తిరిగి ఊళ్లకు వెళ్లి ఉపాధ్యాయులను తయారుచేయాలి. 1795 జనవరిలో ‘ఎకోల్ నార్మాల్’ పేరుతో ఆ శిక్షణ పాఠశాల మొదలైంది. వెయ్యి మందికి పైగా వచ్చారు. గణితం చెప్పడానికి లాప్లాస్‌ని, లెగ్రాంజ్‌ని పెట్టారు.

ఒక్కసారి ఆలోచించండి. గ్రహాల దారులు లెక్కగట్టిన మనిషి. రాజులు పిలిపించుకున్న మనిషి. 59 ఏళ్ల వయసులో నిలబడి కూడికలు, తీసివేతలు, భిన్నాలు చెప్పారు. ఆ పాఠాలు ఐదు. మొదటి రెండూ అంకగణితం. భిన్నాలు, సంవర్గమానాలు, లెక్కలు చేసే పద్ధతులు వాటిలో ఉన్నాయి. మూడు, నాలుగు పాఠాలు సమీకరణాల సాధన. ఐదోది వక్రాల సాయంతో సమస్యలు సాధించడం. చెప్పింది చెప్పినట్టు రాసుకునేందుకు సంక్షిప్తలేఖకులను కూర్చోబెట్టారు. అందుకే ఆ పాఠాలు ఈనాటికీ మనకు దక్కాయి.

ఆ తరగతిలో ఫోరియర్ అనే విద్యార్థి ఉన్నారు. తర్వాత ఆయనా పెద్ద గణితవేత్త అయ్యారు. తన గురువుల గురించి ఆయన రాసిపెట్టిన మాటల్లో ఒక సంగతి ఉంది. లెగ్రాంజ్ ఫ్రెంచిలో ఇటాలియన్ యాస బాగా వినిపించేదట. కొన్ని అక్షరాలు వేరేగా పలికేవారట. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బళ్లో ఇంకో భాష మాట్లాడే మన పిల్లలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. మొదటి పుస్తకం ఇటాలియన్‌లో, ఆయిలర్‌కి ఉత్తరం లాటిన్‌లో, పెద్ద గ్రంథం ఫ్రెంచిలో రాసిన మనిషి యాసతోనే పాఠం చెప్పారు. లెక్క తప్పు పోలేదు కదా!

ఆ సూత్రం ఏమిటి?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మనకు మూడు బిందువులు ఇచ్చారనుకుందాం: (1, 2), (2, 3), (4, 11). వీటి గుండా వెళ్లే వర్గ సమీకరణం కావాలి.

మామూలు పద్ధతి మీకు తెలుసు. వై = ఎ·ఎక్స్² + బి·ఎక్స్ + సి అనుకుని మూడు బిందువుల విలువలూ వేస్తాం. మూడు సమీకరణాలు వస్తాయి.

ఎ + బి + సి = 2
4ఎ + 2బి + సి = 3
16ఎ + 4బి + సి = 11

రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 3ఎ + బి = 1. మూడోదాంట్లోంచి రెండోది తీసేస్తే 12ఎ + 2బి = 8, అంటే 6ఎ + బి = 4. ఈ రెండింటి నుంచి 3ఎ = 3, కాబట్టి ఎ = 1. అప్పుడు బి = −2, సి = 3. జవాబు: వై = ఎక్స్² − 2ఎక్స్ + 3.

ఇందులో తప్పేమీ లేదు. కానీ బిందువులు మూడు కాకుండా ఎనిమిదో పదో అయితే? ఈ తీసివేతలతోనే పొద్దు పోతుంది. లెగ్రాంజ్ చూపిన దారిలో సమీకరణాలు సాధించే పనే లేదు. పని మొత్తాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో బిందువుకు ఒక్కో ముక్క అప్పగించేస్తాం.

మొదటి బిందువు (1, 2) సంగతి చూడండి. దీని ముక్క ఎలా ఉండాలి? ఎక్స్ = 1 దగ్గర 2 ఇవ్వాలి. మిగతా రెండు బిందువుల దగ్గర, అంటే ఎక్స్ = 2, ఎక్స్ = 4 దగ్గర, సున్నా అయిపోవాలి. పక్కవాళ్ల పనిలో వేలు పెట్టకూడదన్నమాట. 2, 4 శూన్య విలువలుగా ఉన్న వర్గ బహుపది ఎలా ఉంటుందో పదో తరగతి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు: (ఎక్స్ − 2)(ఎక్స్ − 4). దీనికి ఎక్స్ = 1 దగ్గర విలువ (−1)(−3) = 3. మనకు 2 కావాలి. అందుకని 3తో భాగించి 2తో గుణిస్తాం.

మొదటి ముక్క: 2 × (ఎక్స్ − 2)(ఎక్స్ − 4) ÷ 3

ఇదే పద్ధతిలో రెండో బిందువు (2, 3) ముక్క 1, 4 దగ్గర సున్నా కావాలి. (ఎక్స్ − 1)(ఎక్స్ − 4) విలువ ఎక్స్ = 2 దగ్గర (1)(−2) = −2.

రెండో ముక్క: 3 × (ఎక్స్ − 1)(ఎక్స్ − 4) ÷ (−2)

మూడో బిందువు (4, 11) ముక్క 1, 2 దగ్గర సున్నా. (ఎక్స్ − 1)(ఎక్స్ − 2) విలువ ఎక్స్ = 4 దగ్గర (3)(2) = 6.

మూడో ముక్క: 11 × (ఎక్స్ − 1)(ఎక్స్ − 2) ÷ 6

మూడు ముక్కలూ కలిపేయండి. అంతే, పని అయిపోయింది. ఎక్స్ = 1 దగ్గర మొదటి ముక్క 2 ఇస్తుంది, మిగతా రెండూ సున్నా. మొత్తం 2. మిగతా బిందువుల దగ్గరా అంతే. నమ్మకం కుదరకపోతే హారం 6 చేసి విప్పి చూడండి. ఎక్స్² గుణకాలు 4 − 9 + 11 = 6. ఎక్స్ గుణకాలు −24 + 45 − 33 = −12. స్థిరపదాలు 32 − 36 + 22 = 18. అన్నింటినీ 6తో భాగిస్తే ఎక్స్² − 2ఎక్స్ + 3. మామూలు పద్ధతిలో వచ్చిందే వచ్చింది.

మరి ఇదొక్కటే జవాబని ఎలా చెప్పగలం? అదే మూడు బిందువుల గుండా ఇంకో వర్గ సమీకరణం కూడా వెళ్తోందనుకోండి. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేయండి. మూడు చోట్లా రెండింటి విలువలూ ఒకటే కాబట్టి, తీసివేస్తే వచ్చే బహుపది మూడు చోట్ల సున్నా అవుతుంది. కానీ రెండో పరిమాణం దాటని బహుపదికి రెండుకు మించి శూన్య విలువలు ఉండవు, అది పూర్తిగా సున్నా అయితే తప్ప. కాబట్టి తేడా సున్నాయే. రెండూ ఒకటే సమీకరణం.

ఎవరు ముందు?

మూడు వరస విలువలతో వక్రాన్ని అందుకోవడం లెగ్రాంజ్‌తో మొదలైన పని కాదు. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 665లో రాసిన ఖండఖాద్యకంలోనే, జ్యా పట్టికలో లేని విలువలను రాబట్టడానికి తేడాలు, ఆ తేడాల మధ్య తేడాలు వాడారు. నేటి భాషలో చెప్పాలంటే అది మూడు విలువల గుండా వర్గ బహుపదిని నడపడమే. తర్వాత వెయ్యేళ్లకు న్యూటన్ ఎన్ని బిందువులకైనా సరిపడే పద్ధతి చెప్పారు. మనం ఇప్పుడు చేసిన ముక్కల పద్ధతిని కూడా ఇంగ్లండులో ఎడ్వర్డ్ వేరింగ్ 1779లోనే అచ్చు వేశారు.

లెగ్రాంజ్ తన ఐదో పాఠంలో ఇది న్యూటన్ ఎత్తిన ప్రశ్న అని చెప్పి, ఆయన పద్ధతిని చూపించి, ఆ తర్వాతే ఈ తేలిక రూపాన్ని ఇచ్చారు. పద్దెనిమిదేళ్లప్పుడు, తన ఫలితం ఇంకెవరో ముందే చేశారని తెలిసి కుంగిపోయిన కుర్రాడు గుర్తున్నాడా? 59 ఏళ్లప్పుడు ఆయన బడి పంతుళ్లకు పాఠం చెబుతున్నారు. అక్కడ ఎవరు ముందు అన్నది ముఖ్యం కాదు. వినేవాడికి అర్థమైందా లేదా అన్నదే ముఖ్యం.

ఆ శిక్షణ పాఠశాల నాలుగు నెలలకే, 1795 మేలో మూతపడింది. పాఠాలు చాలామందికి అందనంత ఎత్తులో ఉన్నాయని విమర్శలొచ్చాయి. బయటికి చూస్తే విఫలమైన ప్రయత్నమే. కానీ అక్కడ చెప్పిన ఒక్క పేజీ సూత్రం ఈనాటికీ ప్రపంచమంతా తరగతుల్లో చెబుతున్నారు.

లెగ్రాంజ్ ఆ తర్వాత పాఠాలు మానలేదు. ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు పిల్లలకు చెప్పారు. ఆ పాఠాల నుంచే 1797లో ఇంకో పెద్ద పుస్తకం వచ్చింది. గనిలో ఏమీ మిగల్లేదనుకున్న మనిషి, పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాక మళ్లీ తవ్వడం మొదలుపెట్టారు. నెపోలియన్ ఆయనకు బిరుదులిచ్చి గౌరవించారు. 1813 ఏప్రిల్ 10న, 77 ఏళ్ల వయసులో పారిస్‌లో కన్నుమూశారు. ఫ్రాన్స్ తన మహనీయులను ఉంచే పాంథియన్‌లో ఆయన్ని సమాధి చేశారు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరూ ఉంది.

మన ఫోన్‌లోంచి తాళం దాకా

పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది ఎందుకు పనికొస్తుంది సార్? ఒక్క ఉదాహరణ చాలు. ఒక బీరువా తాళం ఒక రహస్య సంఖ్య అనుకోండి. దాన్ని ఐదుగురికి పంచాలి. ఏ ముగ్గురు కలిసినా తాళం తెరవగలగాలి. ఇద్దరు మాత్రం కలిస్తే ఏమీ తెలియకూడదు. దీనికి దారిని 1979లో ఆది షమీర్ అనే శాస్త్రవేత్త చెప్పారు. రహస్య సంఖ్యను వర్గ సమీకరణంలో స్థిరపదంగా పెట్టి, ఆ గ్రాఫు మీది ఒక్కో బిందువును ఒక్కొక్కరికి ఇచ్చేయాలి. మన ఉదాహరణలో రహస్యం 3 అన్నమాట. ముగ్గురు కలిస్తే లెగ్రాంజ్ సూత్రం వేసి సమీకరణం రాబడతారు, రహస్యం తెలుస్తుంది. ఇద్దరే ఉంటే? రెండు బిందువుల గుండా పరావలయాలు లెక్కలేనన్ని. ఏ సంఖ్యయినా రహస్యం కావచ్చు. నిజమైన కంప్యూటర్లలో శేషాల లెక్కతో, చాలా పెద్ద సంఖ్యలతో ఇది చేస్తారు. మూలం మాత్రం ఇదే. రెండు చుక్కలు చాలవు, మూడు కావాలి అన్న చిన్న నిజమే అక్కడ కాపలా కాస్తోంది.

తల్లిదండ్రులకు ఒక మాట

మీ అబ్బాయో అమ్మాయో లెక్కలంటే ఇష్టం లేదంటే వెంటనే బెంగపడకండి. లెగ్రాంజ్‌కి కూడా మొదట లేదు. ఒక మంచి వ్యాసం చేతికొచ్చాక వచ్చింది. మీకు ఈ లెక్కలు రాకపోయినా పర్వాలేదు. సాయంత్రం పూట పక్కన కూర్చుని, ఈ సూత్రం నాకు చెప్పు అని అడగండి. వాళ్లు మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే, వాళ్లకు నిజంగా వచ్చినట్టే. చెప్పలేకపోతే ఎక్కడ ఆగారో వాళ్లకే తెలుస్తుంది.

విద్యార్థులకు ఇంటిపని

1. (0, 4), (1, 3), (3, 13) బిందువుల గుండా వెళ్లే వర్గ సమీకరణాన్ని రెండు పద్ధతుల్లోనూ కనుక్కోండి. సరిచూసుకోవడానికి ఒక గుర్తు: ఎక్స్ = 2 వేస్తే వై = 6 రావాలి.

2. (1, 3), (2, 5), (3, 7) బిందువులతో అదే సూత్రం వేసి చూడండి. ఎక్స్² గుణకం ఏమైంది? ఎందుకలా అయింది? ముందు గ్రాఫు మీద ఆ మూడు చుక్కలూ పెట్టి చూస్తే జవాబు కళ్లముందే కనిపిస్తుంది.

3. స్నేహితులు ఐదుగురు కలిసి రహస్య సంఖ్య ఆట ఆడండి. ఒకరు మనసులో ఒక వర్గ సమీకరణం అనుకుని, మిగతా నలుగురికీ ఒక్కో బిందువు చీటీ రాసివ్వాలి. బిందువులన్నింటికీ ఎక్స్ విలువలు వేరువేరుగా ఉండాలి, ఎక్స్ = 0 బిందువు మాత్రం ఇవ్వకూడదు. ఎందుకు ఇవ్వకూడదో కూడా ఆలోచించండి. ఏ ముగ్గురు కలిస్తే ముందు రహస్యం బయటపెడతారో చూద్దాం.

చేసిన లెక్కలను నోటుబుక్కులో రాసి మీ గణితం టీచరుకు చూపించండి.